సైనిక్‌పురి దాకా వెంటవచ్చిన మాట

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు సీతాఫల్‌మండిలో లోకల్ రైలెక్కాం. నాతో వచ్చింది రువాతి, మా బడిలో లెక్కల టీచరు, మిజోరం అమ్మాయి. నెలాఖరుకు ఆమె ఉంటున్న ఇల్లు ఖాళీ చేయాలి. టులెట్ బోర్డు చూసి వెళ్లిన రెండిళ్లలోనూ ఆమె ముఖం చూడగానే, ఎవరో ముందే మాట్లాడుకున్నారన్నారు. మూడో ఇంటికి నన్ను తోడు రమ్మంది.

సికింద్రాబాదులో దిగి స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాం. అల్లం చట్నీ ఘాటుగా, బాగుంది. సైనిక్‌పురి బస్సు పావుగంటలో వచ్చింది. ఇక్కడి ఆడవాళ్లకు బస్సులో డబ్బులక్కర్లేదు గానీ ఆధార్ వెంట ఉంచుకోవాలి. కండక్టరు నన్నేమీ అడగకుండానే టికెట్ ఇచ్చాడు. రువాతిని మాత్రం, "నేపాలా?" అన్నాడు.

"సీతాఫల్‌మండే అన్నా," అంటూ ఆమె కార్డు చూపించింది.

వెనక సీట్లోంచి ఎవడో, "చింకీకి తెలుగొస్తదిరా," అని ఆమె చిన్న కళ్లను వెక్కిరిస్తూ నవ్వాడు. మనవాళ్ల నోటికి అడ్డూ అదుపూ లేదు. ఒళ్లు మండి లేవబోయాను. రువాతి నా చెయ్యి పట్టుకుంది.

"వదిలేయండి మేడం. ముందు ఇల్లు దొరకనీయండి."

ఇంటాయన డెబ్బై దాటిన మాజీ హవల్దారు. గది చూపించాడు, గాలీ వెలుతురూ బాగున్నాయి. చాయ్ ఇచ్చి, "మా పల్టన్‌ల సుత చింకీలు మస్తుమంది ఉండేటోళ్లు బిడ్డా, మంచోళ్లు," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. బ్యారక్‌లో అందరినీ అలాంటి పేర్లతోనే పిలుచుకునేవాళ్లట.

"మిమ్మల్ని ఏమనేటోళ్లు అంకుల్?" అంది రువాతి.

"కాలా మద్రాసీ," అని నవ్వాడు.

గుమ్మం దగ్గరున్న ఆయన భార్య అందుకుంది. "గిప్పుడు నవ్వుతుండు. గప్పుడు సెలవు మీద ఇంటికొస్తే అద్దం ముంగట నిలవడి, నేను అంత నల్లగున్ననా అని నన్నడుగుతుండె."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నీ పేరేంది బిడ్డా?"

ఆమె చెప్పింది. రెండుసార్లు చెప్పించుకుని, తనూ అని చూసుకున్నాడు. "రువాతీ, ఒకటో తారీఖు సామాను తెచ్చుకో."

మధ్యాహ్నం తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. గురివింద గింజ తన కింది నలుపెరగదంటారు. ఆ నలుపు గురించే మాటలు పడ్డ మనం ఇంకొకరి కళ్లను చూసి నవ్వుతున్నాం. నాకు సిగ్గేసింది. అయినా ఇల్లు దొరికిన సంతోషం ముందు దాన్ని పక్కన పెట్టాను.

కండక్టరు ఇంకా ముందు సీట్ల దగ్గరే ఉన్నాడు. రువాతి అప్పుడే ఆధార్ తీసి చేతిలో పట్టుకుంది.

"అడిగినప్పుడు చూపిద్దువులే," అన్నాను.

"ముందే చూపిస్తే, ఏ దేశం అని అడగరు మేడం," అంది.