నాయనమ్మ మల్యాల బస్సెక్కిన రోజు

నా చిన్నప్పుడు కోరుట్లలో మా ఇంట్లో అందరికంటే గట్టిగా మాట్లాడే మనిషి మా నాయనమ్మ. అలాంటి మనిషికి చూపు మధ్యలో మసక కమ్మింది. ఎదురుగా నిలబడితే ముఖం తెలిసేది కాదు, పక్కనున్న తలుపు మాత్రం కనబడేది. వయసుతో వచ్చిన జబ్బనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. బీపీ కూడా ఉంది, మాత్రలు మానొద్దన్నాడు. అప్పటినుంచి ఆమె కొడుకు, మా బాపు, ఆమెను ఒంటరిగా బయటికి పోనిచ్చేవాడు కాదు.

ఆ రోజుల్లోనే మల్యాల నుంచి కబురొచ్చింది. నాయనమ్మ చెల్లెలు బీపీ మాత్రలు మానేసి, కళ్లు తిరిగి వాకిట్లో పడిందట.

"నేను పోయస్త," అంది నాయనమ్మ.

"కండ్లు కనబడ్తలెవ్వు, ఏడికి పోతవే అవ్వా? నేను పోత తియ్యి," అన్నాడు బాపు.

"నువ్వు చెప్తే అది ఇంటదా? నా కాళ్లు మంచిగనే ఉన్నయి గదరా."

బాపు పొలానికి వెళ్లగానే నన్ను వెంటబెట్టుకొని బయలుదేరింది. జగిత్యాలలో బస్సు మారేటప్పుడు కండక్టరు, "ఇంట్ల కూసోక ఎందుకీ తిప్పలు ముసలమ్మా?" అన్నాడు.

"నీ బస్సు ముసలోళ్లను ఎక్కించుకోదా కొడుకా?" అంది. బస్సంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు.

చెల్లెలు మంచంలో గోడవైపు తిరిగి పడుకొని ఉంది. "నొప్పి లేదు, ఏం లేదు. మందులెందుకక్కా? ముసల్తనంల గివన్ని ఉండేటియే," అని గొణిగింది.

నాయనమ్మ తిడుతుందనుకున్నాను. మంచం పట్టె మీద కూర్చుని చెల్లెలి ముఖమంతా వేళ్లతో తడిమింది.

"నీ మొఖం సుత నాకు కనబడ్తలేదే. నా కండ్లు ఇగ రావు. నీది మందుతోని ఆగే రోగం. ఆగేదాన్ని ఎందుకు ఇడిసిపెడ్తవ్?"

అక్కకు చూపు పోయిన సంగతి చెల్లెలికి అంతవరకూ ఎవరూ చెప్పలేదు. చప్పున లేచి కూర్చుని, అక్క చేతులు పట్టుకొని ఏడ్చింది.

సాయంత్రానికి వెతుక్కుంటూ వచ్చిన బాపు, ఆ ఇద్దరినీ చూసి కోపం దిగమింగుకున్నాడు. మర్నాడు ఆయనే నాయనమ్మ చెల్లెల్ని జగిత్యాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. మళ్లీ మొదలుపెట్టిన మందులు వాడుతూ ఆమె చాలా ఏళ్లు బతికింది. నాయనమ్మకు చూపు రాలేదు. కానీ ఆ తర్వాత ఆమెను ఎవరూ ఆపలేదు.

ఇప్పుడు నాకూ బీపీ ఉంది, కంట్లో మసక మొదలైంది. మొన్న సిరిసిల్లలో ఒక డాక్టరు, "ఈ వయసుల మామూలే పెద్దమ్మా," అన్నాడు. "మామూలైతే అయింది గని, ఏం జేయాల్నో చెప్పు సారూ," అన్నాను. అతను మళ్లీ మొదటినుంచి పరీక్షించాడు. వయసు పేరు చెప్పి ఎవరైనా నన్ను ఊరుకోబెట్టాలని చూస్తే, ఇవాళ్టికీ నాకు ఊరుకోవడం చేతకాదు.