బండి ఇవ్వొద్దన్న పాస్టరమ్మగారు

మా పక్కింటి పాస్టరమ్మగారు పోయిన మంగళవారం ఉదయం కన్నుమూశారు. న్యుమోనియా అన్నారు. ఆస్పత్రి నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసేసరికి నేను బడికి బయల్దేరుతున్నాను. "అక్క ఎల్లిపోనాదమ్మా" అని, కాసేపు ఏడ్చి, "మరి కేసు ఏటవుతాది?" అని అడిగింది. చావు కబురులో కేసు మాటేమిటని మీకు అనిపించవచ్చు. మా వీధిలో ఎవరికీ అనిపించలేదు.

ఆవిడ భర్త అరసవల్లి రోడ్డు పక్కనున్న మా చిన్న చర్చికి పాస్టరు. మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం ఎవరింట్లోనో ప్రార్థన ముగించుకుని సైకిలు మీద తిరిగి వస్తున్నారు. స్నేహితుడి కారుతో పందెం వేసుకుని దూసుకొస్తున్న ఒక కాలేజీ కుర్రాడి కారు ఆయన్ని గుద్దేసింది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

పోలీసులు కేసు కట్టి, కారుని స్టేషన్ ఆవరణలో పెట్టారు. బ్రేకులవీ పరీక్ష చేయించారు. ఇంట్లో ఇంకా పరామర్శకి వచ్చేవాళ్ళు వస్తుండగానే కోర్టు ఆ కారుని పూచీకత్తు మీద యజమానికి, అంటే ఆ కుర్రాడి తండ్రికి, ఇచ్చేయమంది. విచారణ తేలేదాకా బండి ఎండలో వానలో పాడైపోకూడదట. కుర్రాడి లైసెన్సు మాత్రం కొన్నాళ్ళు ఆపారు. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దాటిందని నా స్కూటీని ఒకసారి సాయంత్రం దాకా స్టేషన్లో ఉంచేశారు. అది ఎండలోనే ఉంది, ఎవరికీ బెంగ కలగలేదు.

కారు ఇచ్చేశారని తెలిసిన రోజు పాస్టరమ్మగారు నా స్కూటీ వెనక కూర్చుని స్టేషన్‌కి వచ్చారు. వెనక కూర్చుంటే ఆవిడకి ఒక అలవాటు. నేను ఇండికేటర్ వేసినా సరే, మలుపు వచ్చిందంటే చెయ్యి బారుగా చాపేవారు. "దీపం ఎవుడు సూస్తాడే? సెయ్యి కనబడాల" అనేవారు.

ఎస్సై మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. "పట్టుకోవడం వరకే మా పనమ్మా. కోర్టు ఇమ్మంటే ఇచ్చీవాల. సట్టం అలాగున్నాది" అన్నాడు.

"లైసెన్సు ఆపీసి బండి ఇంటికిచ్చీసినారు. గుమ్మంలో బండుంటే ఆ పిల్లోడు ఎక్కకుండా ఉంటాడా బాబూ?"

"ఎక్కితే అప్పుడు పట్టుకుంటాం కదమ్మా."

"ఇంకెవుల్నో గుద్దీసినాక?"

ఎస్సై బల్ల మీది టోపీని పక్కకి జరిపాడు.

చర్చి పెద్దలు కూడా వచ్చి నచ్చజెప్పారు. పాస్టరుగారి భార్యే కోర్టులు పట్టుకు తిరిగితే లోకం ఏమనుకుంటుంది, క్షమించమన్నారు కదా ప్రభువు, అన్నారు. ఆవిడ వాళ్ళకి టీ ఇచ్చి, నింపాదిగా చెప్పారు. "ఆ పిల్లోడ్ని నాను ఎప్పుడో క్షమించీసినాను. రోజూ ఆడి కోసం ప్రార్థన సేస్తన్నాను. క్షమించడం వేరు, బండి సేతికిచ్చీడం వేరు." పెద్దలు టీ తాగి వెళ్ళిపోయారు.

తరవాతి వేసవిలో ఒక ఆదివారం. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికొచ్చే జనంతో, ఆటోలతో రోడ్డు కదలకుండా నిలిచిపోయింది. మా స్కూటీ పక్కనే ఒక తెల్లకారు ఆగింది. నేను గుర్తుపట్టకముందే ఆవిడ దిగిపోయారు. లోపల ఆ కుర్రాడే, అద్దం దించుకుని పాటలు వింటున్నాడు. ఆవిడ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి లాగేశారు. ఇంజను ఆగిపోయింది.

"దిగు నాయినా. నడిసెల్లు" అన్నారు.

వాడు ఆవిణ్ణి గుర్తుపట్టాడు. తిట్టలేదు, లాక్కోలేదు. దిగి, తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక హారన్లు మోగిపోతున్నాయి. ఆవిడ తాళాన్ని గుప్పిట్లో బిగించి, స్టేషన్ వైపు నడవడం మొదలుపెట్టారు. ఎంత పిలిచినా నా బండి ఎక్కలేదు.

స్టేషన్లో ముందు ఆవిడకే చీవాట్లు పడ్డాయి. ఇంకొకరి బండి తాళం తీసుకోవడం నేరమట. ఆపిన లైసెన్సు తిరిగి రాకుండానే నడిపినందుకు కుర్రాడి మీద కూడా కేసు రాసి, కారు తెచ్చి మళ్ళీ ఆవరణలో పెట్టారు. ఆ వారం పాస్టరమ్మగారు ప్రశాంతంగా నిద్రపోయారు. వారం తిరిగేసరికి కుర్రాడి ఇంటివాళ్ళు జరిమానా కట్టి బండి తీసుకుపోయారు. అదీ చట్టప్రకారమే. ఆ మాట చెప్పడానికి నేను పాస్టరమ్మగారి గుమ్మంలో నిలబడితే, ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండా "తెలుసు, ఇప్పుడే ఈదిలోంచి ఎల్లినాది" అన్నారు.

కోర్టు వాయిదాలకి ఆవిడ గంజిపెట్టిన పొందూరు ఖద్దరు చీర కట్టుకుని, ఫ్లాస్కులో చోడి అంబలి, అదే రాగి జావ, పట్టుకుని వచ్చేవారు. ఒక వాయిదా నాడు వరండాలో కుర్రాడి తండ్రి చెమటలు కక్కుతూ నిలబడితే గ్లాసులో పోసి ఆయనకీ ఇచ్చారు. ఆయన తాగి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "రాజీ అయిపోదామమ్మా, ఆడి బతుకు పాడైపోతాది" అన్నాడు.

"ఆడికి జైలు నానడగలేదు బాబూ. కేసు తేలినదాకా ఆ బండి బయటికి తియ్యనని నువ్వే సెప్పు. నాను ఇంటికెల్లిపోతాను."

ఆయన గ్లాసు కిందపెట్టి లాయరు వైపు చూశాడు. లాయరు తల అడ్డంగా ఊపాడు. కేసు తేలేదాకా బండిని ఇంట్లోనే ఆపి ఉంచమనడానికి చట్టంలో వీలుండాలి. లేదా ఒక మనిషికి సిగ్గుండాలి. మూడేళ్ళు తిరిగి ఆవిడకి రెండూ దొరకలేదు. కేసు ఇంకా సాక్షుల దగ్గరే ఉంది. బండి రోడ్డు మీదే ఉంది. ఆవిడే లేరు.

బుధవారం మధ్యాహ్నం పాస్టరుగారి పక్కనే ఆవిణ్ణి సమాధి చేశారు. ఆ స్థలం రోడ్డుకి ఆనుకునే ఉంటుంది. మట్టి వేయడం అయ్యాక చర్చి ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ఇంతలో సైలెన్సర్ పీకేసిన బైకొకటి చెవులు చిల్లులు పడేలా రోడ్డు మీదికి వచ్చింది. పాట ఆగిపోయింది. అది దూరంగా పోయేదాకా అందరూ తలలు దించుకుని నిలబడ్డారు. ఎక్కడ ఆపారో ఎవరికీ గుర్తులేక, ఆవిడ చెల్లెలు మళ్ళీ మొదటినుంచీ అందుకుంది. రెండో చరణంలోకి వచ్చేసరికి ఇంకో బండి చప్పుడు మొదలైంది. ఈసారి వాళ్ళు ఆపలేదు.