ఆదివారం షాఫ్టుల వరస

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి, ఇంకా ఆటలు మొదలవక ముందు, మా పూల్ పార్లర్‌లో మూలనున్న మూడో బల్ల మీద షాఫ్టులు వరసగా పెట్టేవాళ్ళం. క్యూ కర్రకి రెండు ముక్కలుంటాయి. వెనక చేత్తో పట్టుకునేది బట్. ముందు వేళ్ళ మధ్య జారుతూ వెళ్ళి బంతిని కొట్టేది షాఫ్ట్. మేం ఆరుగురు స్నేహితులం, ఆరు షాఫ్టులు, అన్నీ మేపుల్ చెక్కవే. పార్లర్ సికింద్రాబాద్‌లో ఒక బట్టల కొట్టు పైన, రెండో అంతస్తులో ఉండేది.

మాస్టారు చర్చి నుంచి ఇంటికి వెళ్ళి, భోంచేసి లాలాగూడ నుంచి వచ్చేవారు. రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి పని చేసి రిటైరైన మనిషి. మా అందరికీ ఆట నేర్పింది ఆయనే. ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, మొదటి షాఫ్ట్‌ని అరచేత్తో బల్ల మీద దొర్లించేవారు. బల్లగుడ్డకీ చెక్కకీ మధ్య వెలుగు సందు కనిపిస్తే అది వంగినట్టు. ఎవరిది వంగిందో ముందే పందెం వేసుకునేవాళ్ళం. ఓడినవాడు అందరికీ చాయ్ చెప్పాలి.

"బండి మీద ఎండల పెట్టి ఆఫీసుకు పోయినవా? అరటికాయ లెక్కైంది" అని వారానికొకడు ఆయన చేత తిట్లు తినేవాడు.

చెమటా, మొనకి రాసే నీలం చాక్ పొడీ కలిసి చెక్క రంధ్రాల్లోకి దిగితే షాఫ్ట్ నీలంగా మారి వేళ్ళకి అంటుకుంటుంది. అందుకని తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి తుడిచేవారు. వెంటనే పొడిగుడ్డ. ఆపైన తోలు ముక్కతో, చెక్క వేడెక్కేదాకా రుద్దేవారు. చివరికి దాన్ని సొంతదారు బుగ్గకి ఆనించేవారు. వెచ్చగా, నున్నగా తగిలేది. పెళ్ళిచూపుల గురించీ మేనేజర్ల గురించీ కొత్త కంపెనీల గురించీ ఎవరు ఏం చెప్పినా ఆ గంటలోనే. నేను మిగతా వారమంతా యాప్రాల్ నుంచి హైటెక్ సిటీ దాకా చెవుల్లో వైర్లు పెట్టుకుని పోయి వచ్చేవాణ్ణి. నాకు మాటలు వచ్చేది మూడో బల్ల దగ్గరే.

జీతం పెరిగిన ఏడాది కొత్త షాఫ్ట్ కొందామనుకున్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. పోల్చి చూడకుండా సబ్బు కూడా కొనను. తొమ్మిది నిలువు వరసలతో ఒక షీట్ తయారుచేశాను: బరువు, మొన వ్యాసం, సన్నబడే తీరు, బట్‌తో మర సరిపోవడం, శబ్దం, వంపు, చెమట, నిర్వహణ, అన్నిటికంటే ముఖ్యంగా గురి తప్పడం. బంతిని మధ్యలో కాకుండా పక్కకి కొడితే, అది మనం అనుకున్న గీత వదిలి కాస్త అవతలికి పోతుంది. షాఫ్ట్ ముందు భాగం తేలికయ్యేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. అడ్డు వరసలు మూడు: చెక్క, హైబ్రిడ్, కార్బన్ ఫైబర్. ఏడింట్లో కార్బన్‌దే మొదటి స్థానం.

మాస్టారికి ఫోన్‌లో చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్క గడి వదలకుండా చదివారు.

"ఈ నడిమిది ఏందీ?"

"హైబ్రిడ్ అండి. లోపల కార్బన్ గొట్టం, పైన చెక్క."

"గదే తీస్కో బేటా. పైన కట్టె ఉంటది గద. నా చేతికి సుత జెర పనుంటది."

దాన్ని నేను సాంకేతిక అభిప్రాయం అనుకున్నాను. చెక్క ఉన్నంతకాలం తేమ పీలుస్తుందనీ, వానాకాలం ఉబ్బుతుందనీ, నిర్వహణలో దానికి పదికి అయిదే వేశాననీ వివరించాను. ఆయన ఫోన్ తిరిగి ఇచ్చి, "సరే, చదువుకున్నోడివి, నీకే ఎరుక" అన్నారు. అందులో వెటకారం లేదు. ఉంటే అప్పుడే అర్థమయ్యేదేమో.

నల్లటి కార్బన్ షాఫ్ట్ వచ్చిన రోజు, "అగర్‌బత్తి కొన్నవా అన్నా, ఎప్పుడు ఎలిగిస్తవ్?" అని అందరూ ఆడుకున్నారు. మాస్టారు దాన్ని ఒకసారి దొర్లించారు. సందు లేదు. ఎన్నాళ్ళకైనా రాదు. గోటితో మీటి, ఆ బోలు శబ్దం విని, నా చేతికిచ్చారు. స్పిరిట్ చుక్క వేసిన గుడ్డతో తుడిస్తే రెండు నిమిషాల్లో శుభ్రమైపోతుంది. ఉప్పుకాగితం తగలనివ్వకూడదు. మొనకి అంటించిన తోలు బిళ్ళ మార్చేటప్పుడు రాలే కార్బన్ నల్లపొడి ముక్కులోకి పోకుండా చూసుకోవాలి. అంతకు మించి అది మనిషిని ఏమీ అడగదు.

నేను గెలవడం మొదలుపెట్టాను. మిగతావాళ్ళు షీట్ అడిగారు. గ్రూపులో పెట్టాను. ఎవరి బట్‌కి ఏ మర సరిపోతుందో విడిగా రాసి మరీ పెట్టాను. ఒక్కొక్కరే కార్బన్‌కి మారారు. మూడో బల్ల మీద షాఫ్టులు అయిదయ్యాయి, మూడయ్యాయి, ఒకటైంది. ఒక ఆదివారం ఆ ఒక్క చెక్క షాఫ్ట్ ఉన్నవాడు ఊరెళ్ళాడు. మాస్టారు వచ్చి, ఖాళీ బల్ల చూసి, మడిచిన చొక్కా చేతులు దించుకున్నారు. చాయ్ తాగి, రెండాటలు చూసి వెళ్ళిపోయారు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతదీ రాలేదు.

ఒకరోజు మోండా మార్కెట్‌లో సొరకాయ ఏరుతూ కనిపించారు. ఊరికే ఆట చూడ్డానికైనా రమ్మన్నాను.

"ఇన్నేండ్లు పని చేసిన. ఊకె కూసొని చూసుడు నాకు రాదు బేటా. పనుంటే చెప్పు, వస్తా."

ఆ సాయంత్రమే హైబ్రిడ్ షాఫ్ట్‌కి ఆర్డర్ పెట్టాను. షీట్ తెరవలేదు. అది వచ్చాక కొన్ని వారాలు ఆడి, చెక్క కాస్త మాసినాక ఫోన్ చేసి పనుందని చెప్పాను. ఆదివారం రెండున్నరకి వచ్చారు. మూడో బల్ల మీద నా ఒక్క షాఫ్టే ఉంది. దొర్లించారు, తడిగుడ్డ, పొడిగుడ్డ, తోలు. నా బుగ్గకి ఆనించారు. పక్క బల్లల మీద మావాళ్ళు నమస్తే చెప్పి, మళ్ళీ ఆటలో పడ్డారు. ఎవరూ పందెం వేయలేదు. పని పది నిమిషాల్లో అయిపోయింది. నాకు కావలసింది ఆ గంట. దాన్ని నేనొక్కణ్ణే తెప్పించలేకపోయాను.

"వచ్చే ఆదివారం కూడా రండి మాస్టారూ."

"దీనికి వారం వారం అక్కర్లే. ఎక్కువ రుద్దితే కట్టె సన్నగైతది. నెలకోసారి చాలు."

అది నిజం. మెట్లు దిగేదాకా ఆయన వెంట వెళ్ళాను.

ఆ నెలంతా చేతులు తుడుచుకోకుండా ఆడాను. ఎండాకాలం, చెమట బాగానే పట్టింది. మూడో ఆదివారానికే మొన దగ్గర నీలం దిగింది. వేళ్ళ మధ్య షాఫ్ట్ పట్టేసి, గెలవాల్సిన ఆటలు పోయాయి. ఫోన్ తీసి ఆయన నంబరు దాకా వెళ్ళాను. ఆయన చెప్పిన నెలకి ఇంకా వారం ఉంది. జేబులో పెట్టేసి, ఆ మాసిన షాఫ్ట్‌తోనే ఇంకో ఆటకి బంతులు పేర్చాను.