సగం తిన్న ఇడ్లీ

"ఆపరేషన్ ఎప్పుడు చెల్లె?" అని సిద్దిపేట బస్టాండులో పక్కన కూర్చున్నామె అడగగానే ఫోన్ కొంగు కింద దాచేశాను. బరువు తగ్గే ఆపరేషన్ గురించి మా ఆయనతో ఫోన్‌లో గుసగుసగానే మాట్లాడాను. అత్తమ్మ వద్దన్నది. నేను మానుకున్నాననే అనుకుంటోంది. ఈమె మా ఊరిదే అయ్యి, వెళ్లి అత్తమ్మ చెవిన వేస్తే?

పక్కనామె పొట్లం విప్పి నాకో ఇడ్లీ ఇచ్చింది. తను మాత్రం సగం తిని మిగతాది చుట్టేసింది. మత్తుమందు కలిపిందేమోనని నేను ముట్టలేదు.

"భయపడకు. నా కడుపుల గింతనే పడుతది. నేను గూడ గదే ఆపరేషన్ చేయించుకున్న."

"ఇంట్ల ఒప్పుకున్నరా అక్కా?"

"గర్భసంచి తీయించుకుంటున్న అని చెప్పిన. ఒక్కరు అడ్డం రాలే. మా అత్తనే దగ్గరుండి దవాఖానకు తోలుకపోయింది. నువ్వు గూడ గట్లనే చెప్పు."

బస్సు రాగానే ఆమె ఎక్కి వెళ్లిపోయింది. ఆమె నిజమే చెప్పిందా అని నాకిప్పటికీ అనుమానమే. కానీ గర్భసంచి అంటే మా అత్తమ్మ కూడా ఎందుకని అడగదు. ఇల్లు చేరేదాకా ఆ అబద్ధాన్ని మనసులో చెప్పి చూసుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున బడికి జడలు వేస్తూ, ఆ అబద్ధం వీళ్లకూ నేర్పబుద్ధి కాక, పిల్లలిద్దరికీ నిజమే చెప్పాను: "అమ్మ సన్నగ కానీకి కడుపు ఆపరేషన్ చేయించుకుంటది. నాయనమ్మ అడిగితే గిదే చెప్పుండ్రి."