టేపుల్లో మాటలు లేని చోటు

కిందటి ఆదివారం వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతుంటే హాల్లోంచి మా అమ్మ గొంతు వినిపించింది. అమ్మ ఉండేది కరీంనగర్‌లో, మేముండేది బర్మింగ్‌హామ్‌లో. గొంతు అమ్మదే కానీ ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు, ఊపిరి తీసుకోకుండా పరుగెడుతోంది. వెళ్లి చూస్తే మా అమ్మాయి, అమ్మమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌ని రెట్టింపు వేగంతో పెట్టుకుని వింటోంది. "గట్ల ఉరికిస్తరా బిడ్డా అమ్మమ్మ మాటను?" అన్నాను. "షి టేక్స్ ఏజెస్, మమ్," అంది ఫోన్‌లోంచి తలెత్తకుండా. నాకు ఒళ్లు మండింది. మెసేజ్ మొదటినుంచి మామూలుగా పెట్టించి, పక్కన నిలబడి విన్నాను. తాలింపు మాడిపోయింది. పిల్ల బిక్కమొహం వేసింది కానీ, నా కోపం నిజానికి దాని మీద కాదు. అనాహిద్ గారికి ఒక యూనివర్సిటీ చేసిన అన్యాయం మీద. అది జరిగి ఏళ్లయినా ఇలా ఏదో ఒక వంకతో పైకి వస్తూనే ఉంటుంది.

అనాహిద్ గారు ఆర్మేనియన్. సైప్రస్‌లో పుట్టి, చిన్నతనంలోనే ఇంగ్లండ్ వచ్చి, తన జాతి చరిత్ర మీద పరిశోధన చేస్తూ వయసంతా గడిపారు. వందేళ్ల కిందట ఒట్టోమన్ ప్రభుత్వం ఆర్మేనియన్లను ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి ఎడారి దారి పట్టించింది. దారిలో చచ్చినవాళ్లు చావగా, మిగిలినవాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. అలా తిరిగి తిరిగి మాంచెస్టర్‌లో, లండన్‌లో తేలిన ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల మాటలు క్యాసెట్ల మీద రికార్డు చేయడం ఆవిడ పని. నేను ఆవిడ దగ్గర చేరేనాటికి ఆ గొంతుల్లో చాలామంది బతికి లేరు. ఆ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఆవిడకొక పార్ట్ టైమ్ మనిషి కావాల్సి వచ్చింది.

నాకు ఆర్మేనియన్ భాషలో అక్షరం ముక్క రాదు. ఇంటర్వ్యూలో ఆ సంగతి ముందే చెప్పేశాను. "హైదరాబాద్‌లో చదివానన్నావు. పాతబస్తీ పక్కన ఉప్పుగూడలో మావాళ్ల సమాధులున్నాయి, చూశావా?" అని అడిగారు ఆవిడ. గోల్కొండ నవాబుల కాలంలో వ్యాపారానికి వచ్చినవాళ్లవట. చూడలేదన్నాను. "పోనీలే, ఎవరూ చూడలేదు," అన్నారు ఆవిడ చిరాగ్గా. ఉద్యోగం రాదనుకుని "థాంక్యూ మేడమ్" అని లేవబోయాను. "కూర్చో. నన్ను మేడమ్ అనకు, నేనేం దుకాణం నడపడం లేదు. భాష వచ్చినవాళ్లు మాటలు వింటారు. నీకు రాదు కాబట్టి మాటలు ఆగిన చోటు వింటావు. నాకు అదే కావాలి," అన్నారు.

ఇంటికొచ్చి ఈ మాట చెప్తే మా ఆయన పగలబడి నవ్వాడు. "మాట్లాడకుండ ఊకున్నది వినేటందుకు జీతమిస్తరా? గట్లయితే నేనింట్ల ఎన్నేండ్ల సంది ఫ్రీగ జేస్తున్న!" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. చేరి టేపులు వినడం మొదలుపెట్టాక ఆ నవ్వు ఆగిపోయింది.

ఆవిడకో పద్ధతి ఉండేది. ఎవరింటికి వెళ్లినా చావుల గురించి ముందు అడిగేవారు కాదు. మీ ఇంట్లో ఏం వండేవాళ్లు, రొట్టె ఎవరు కాల్చేవాళ్లు, అని మొదలుపెట్టేవారు. తిండి గురించి అడిగితే ఎంత బిగుసుకున్న మనిషైనా నోరు విప్పుతాడు. అలా మాటల్లో పడ్డాక ఏదో ఒక చోట ఆ మనిషి టక్కున ఆగిపోతాడు. అక్కడ ఆవిడ కూడా ఆగిపోయేవారు. ఇంకో ప్రశ్న వేయరు, అయ్యో అనరు, రికార్డర్ కట్టేయరు. ఆ ఆగిన చోటల్లా గుర్తు పెట్టి, వెనక ఏం వినబడుతోందో రాయడం నా పని.

మాంచెస్టర్ ముసలావిడ టేపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. గలగలా మాట్లాడుతున్న మనిషి ఒక ప్రశ్నకు ఆగిపోయింది. గోడ గడియారం కొట్టుకుంటోంది. కప్పులో చెంచా ఒకసారి తిరిగింది. వీధిలో పిల్లలు అరుచుకుంటూ పోయారు. ఎంతకీ మాట రాకపోతే టేపు పాడైందేమోనని అనాహిద్ గారిని పిలిచాను. ఆవిడ రెండో హెడ్‌ఫోన్ పెట్టుకుని నా పక్కనే కూర్చున్నారు. చివరికి ముసలావిడ ఏదో రెండు ముక్కలు అంది. "ఏమందండీ?" అని అడిగాను. "టీ చల్లారిపోయింది, మళ్లీ పెడతానంది." "మరి మీరడిగిందేమిటి?" "చెల్లెలు దారిలో ఎక్కడ తప్పిపోయిందని." నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. "గడియారం సంగతి రాశావా?" అన్నారు.

ఆ తర్వాత యూనివర్సిటీ డబ్బుల్లేవని మా విభాగం మూసేసింది. ఆవిడను రిటైర్ చేసి, నాకు సెలవు చెప్పి, గది ఖాళీ చేయించారు. మమ్మల్ని పంపేస్తూ ఒక తియ్యటి కబురు చెప్పారు: టేపులన్నీ వెబ్‌సైట్‌లో పెడతాం, ప్రపంచమంతా వింటుంది అని. ఆవిడ నమ్మారు. క్యాసెట్లు, నేను ఎక్కించిన కాపీలు, అన్నీ తన చేత్తో అప్పజెప్పారు. నమ్మక ఏం చేస్తారు, దాచుకోవడానికి ఆవిడ ఫ్లాట్‌లో మనిషి మసలే చోటే లేదు.

వెబ్‌సైట్ ప్రారంభానికి ఇద్దరం వెళ్లాం. వైన్ గ్లాసులు, చప్పట్లు, ఆవిడ మీద పొగడ్తలు. డిజిటల్ మేనేజర్ ఆలివర్ అనే కుర్రాడు స్వయంగా ఆవిడకు హెడ్‌ఫోన్ పెట్టాడు. ఆవిడ మాంచెస్టర్ టేపే ఎంచుకున్నారు. వింటూ వింటూ మొహం పాలిపోయింది. హెడ్‌ఫోన్ తీసి నాకిచ్చారు. నేనూ విన్నాను. ప్రశ్న అయీ అవగానే ముసలావిడ మాట. చెల్లెలు ఎక్కడ తప్పిపోయిందమ్మా అంటే, టీ చల్లారిపోయింది!

"ఇక్కడ ఆవిడ చాలాసేపు ఊరుకుంది. అదేమైంది?" అన్నారు అనాహిద్ గారు.

"ఓ, ఖాళీలన్నీ సాఫ్ట్‌వేర్ తీసేసింది. ఎవరూ అంతసేపు ఆగి వినరు కదా," అన్నాడు ఆలివర్ సంతోషంగా.

"క్యాసెట్లు?"

"స్టోర్ రూమ్ కావాల్సొచ్చి డిస్పోజ్ చేశాం. పాత కాపీలూ తీసేశాం. కంగారు పడకండి, మాటలన్నీ భద్రంగా ఉన్నాయి."

ఆవిడ అరుస్తారనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. కోటు తొడుక్కుని, "వాళ్లు చెప్పగలిగింది ఉంచారు, చెప్పలేకపోయింది పారేశారు," అని నాతో మాత్రం అని బయటికి నడిచారు. తన పేరు తీసేయమని రెండుసార్లు ఉత్తరం రాశారు. తీయలేదు. అక్కడినుంచి ఆవిడ మళ్లీ ఏమీ రాయలేదు, ఎవరినీ అడగలేదు. మనిషిని నిలువునా చంపడానికి చెడ్డవాళ్లే కానక్కర్లేదని నాకు ఆరోజు తెలిసింది.

చివరి రోజుల్లో హాస్పిటల్‌కు వెళ్తే, "అందరినీ నేనే అడిగాను. నన్నెవరూ అడగలేదు. నీ ఫోన్ తియ్యి," అన్నారు. రికార్డింగ్ పెట్టి, ఆవిడ నేర్పినట్టే తిండితో మొదలుపెట్టాను. వాళ్ల అమ్మమ్మ ఉల్లిపాయలు ఎర్రగా వేయించి గోధుమరవ్వతో వండేదట. ఉల్లిపాయలు ఎంత సన్నగా తరగాలో కూడా చెప్పారు. "మీ అమ్మమ్మతో పాటు ఆ దారిలో ఎవరెవరు నడిచారు?" అని అడిగాను. ఆవిడ కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. నర్స్ బీపీ చూడటానికొస్తే చెయ్యెత్తి ఆపారు. ఆమె ఎంత మంచిదో, తలుపు దగ్గరే నిలబడింది. నేను ఇంకేమీ అడగలేదు, కదల్లేదు. చాలాసేపటికి ఆవిడ నా చెయ్యి తట్టి, "ఇంక కట్టెయ్," అన్నారు. ఆ వారంలోనే పోయారు.

ఆ రికార్డింగ్ సంగతి ఎలా తెలిసిందో, యూనివర్సిటీ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆవిడ జ్ఞాపకార్థం పేజీలో పెడతారట, చిన్న క్లిప్ చాలట. ఇవ్వనని రాశాను. మీ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మీకు దక్కేది ఉల్లిపాయలు, గోధుమరవ్వ, అంతే అని కూడా రాశాను. అప్పుడప్పుడూ ఒక్కదాన్నే తలుపేసుకుని దాన్ని పెట్టుకుంటాను. ఆవిడ శ్వాస వినబడుతుంది, ట్రాలీ చక్రాలు వినబడతాయి. మాటల్లేని ఆ చోటే నా ప్రశ్నకు ఆవిడ చెప్పిన జవాబు. అది పూర్తయ్యేదాకా ఊరికే కూర్చుంటాను.