జీపు మెట్టు మీద ఇసుక

మా ఆఫీసులో జీపు నడిపిన బాబాయి గారు మొన్న మంగళవారం తెల్లవారుజామున పోయారు. మునీర్కాలో వాళ్ల ఇంటి కిందున్న టెలిఫోన్ బూత్ నుంచి పిన్ని గారు ఫోన్ చేసి, "మీ బాబాయి నిద్రలేవనేదమ్మా" అన్నారు. మర్నాడు ఆఫీసులో అందరం లేచి రెండు నిమిషాలు నిలబడ్డాం. తర్వాత సంతాప తీర్మానం చదివారు. అందులో ఆయన "పై అధికారుల మాట ఏనాడూ జవదాటని ఉద్యోగి" అట. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన జవదాటారు. ఒక్కసారే, కానీ గట్టిగా. ఆ సంగతి అక్కడ ఎవరూ చెప్పలేదు గనుక నేను రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు మనిషి. నేను రాజమండ్రి నుంచి టైపిస్టు ఉద్యోగానికి ఢిల్లీ వచ్చినప్పుడు ఆర్.కె. పురంలో వాళ్ల పై వాటాలో ఇంకో ఇద్దరమ్మాయిలతో ఉండేదాన్ని. ఇక్కడి చలి సంగతి తెలియక ఒక్క దుప్పటితో దిగిన నాకు తమ రజాయి ఇచ్చి, వాళ్లిద్దరూ ఒకే రజాయిలో సర్దుకున్నారు. జీపు కదిలించే ముందు "అందరూ కూర్సున్నారా?" అని ఒకసారి తెలుగులో, ఒకసారి హిందీలో అడిగేవారు. బండిలో తెలుగువాళ్లు ఒక్కరూ లేకపోయినా అంతే.

మాది పల్లెల్లో టీకాల శిబిరాలు పెట్టే ఆఫీసు. నజఫ్‌గఢ్ అవతలి బురద దారులకీ, ఆరావళి రాళ్ల బాటలకీ తట్టుకుంటుందని ఒక ఎత్తయిన కొత్త జీపు వచ్చింది. ఎక్కడానికి రెండు పక్కలా మెట్టు కావాలి. మా అధికారి ముచ్చటపడి అద్దంలా మెరిసే ఉక్కు మెట్లు వేయించారు. వానపడితే వాటి మీద కాలు సబ్బు మీద పెట్టినట్టే. "సార్, ఇవి జారుతున్నాయి" అని బాబాయి గారు రెండుసార్లు చెప్పారు. "దేఖేంగే" అన్నారు అధికారి.

చూడనేలేదు. శ్రావణంలో ఒక రోజు శిబిరం దగ్గర మా ఆయా దిగుతూ జారింది. యాభై దాటిన హర్యానా మనిషి, అందరం దీదీ అని పిలిచేవాళ్లం. చేతిలో మందుల పెట్టె ఉంది. పెట్టె వదిలేసి ఉంటే చేతులు ఆనించుకునేది. వదల్లేదు. ఒక్క సీసా పగల్లేదు, తుంటి ఎముక విరిగింది. "స్వంత అజాగ్రత్త, హవాయి చెప్పులు" అని రిపోర్టు తయారైంది. దీదీ పర్మినెంటు కాదు, కాబట్టి తర్వాతి నెల జాబితాలో ఆమె పేరు లేదు. ఆ రిపోర్టు టైపు చేసింది నేనే. ఒక్క అక్షరదోషం లేకుండా చేశాను.

ఆ వారమే బాబాయి గారు పని మొదలుపెట్టారు. ముందు సైకిలు ట్యూబు కోసి మెట్టుకు అతికించారు. కింద బురదనీళ్లు చేరి నాలుగు రోజుల్లో ఊడొచ్చింది. అప్పుడు మెట్లు విప్పి ఇంటికి తెచ్చుకున్నారు. ఆదివారం పొద్దుటినుంచీ గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దారు. ఇళ్లు కట్టే చోట అడిగి తెచ్చిన ఇసుకను కడిగి, ఎండబెట్టి, పిన్ని గారి టీ జల్లెడతో జల్లించారు. మెట్టుకు రంగు పూసి, తడి ఆరకముందే ఇసుక చల్లారు. ఆరాక దులిపి, మీద ఇంకో పూత. తర్వాత పిన్ని గారి పాత చీర తెచ్చి దాని మీద లాగి చూశారు. చీర పట్టుకుంది. మొత్తం గీకేసి, ఇంకా సన్నగా జల్లించిన ఇసుకతో మళ్లీ చేశారు.

"ఇంత ఎందుకు బాబాయి గారూ?" అన్నాను.

"సూడమ్మా, కాలు జారకూడదు, సీర తగులుకోకూడదు. ఆ రెంటి మజ్జిన ఉండాల ఇసక" అన్నారు.

ఆ తర్వాత ఎంత వాన పడ్డా ఎవరూ జారలేదు. కానీ పై నుంచి తనిఖీకి వస్తారనగా మా అధికారి జీపు చూశారు. "యే క్యా కర్ దియా?" అని, ఇదేం పని చేశావంటూ అందరి ముందూ అరిచారు. అనుమతి లేకుండా ప్రభుత్వ ఆస్తి రూపు మార్చినందుకు మెమో. అదీ నేనే టైపు చేశాను. కింద ఎడమవైపు మూలన నా పొడి అక్షరాలు ఇప్పటికీ ఉంటాయి. మెరుపు తిరిగి తెప్పించమన్నారు. బాబాయి గారు చేతులు కట్టుకుని, హిందీలో, మెల్లగా అన్నారు: "జారే మెట్టే కావాలని రాసివ్వండి సాబ్. రేపే గీకేస్తాను."

అలాంటి కాగితం మీద సంతకం పెట్టడానికి ఎవరికి చేతులొస్తాయి? పెట్టలేదు. బదులుగా ఆయన చేతిలోంచి తాళం తీసుకుని, గ్యారేజీలో స్టూలు మీద కూర్చోబెట్టారు. ఎనిమిది నెలలు. ఇరవయ్యేళ్లు బండి నడిపిన మనిషి, వచ్చే బండీ పోయే బండీ చూస్తూ కూర్చున్నారు. ఇసుక మెట్ల జీపు మాత్రం వేరే డ్రైవరుతో హాయిగా తిరిగింది. దాన్ని గీకమని ఎవరూ అనలేదు.

అంతటితో అయినా సిగ్గుపడ్డారా? మరుసటి ఏడు అన్ని బండ్ల మెట్లకూ గరుకు పూత వేయించాలని సర్క్యులర్ వచ్చింది. అది మా అధికారి సూచన అని అందులో ఉంది. నేను ఆ కాగితం పట్టుకుని గ్యారేజీకి పరుగెత్తాను.

"మీకు కోపం రాదా?"

"ఎందుకు రాదు తల్లీ? వస్తాది. సేతిలోకి రానివ్వను. కోపంతో బోల్టు బిగిస్తే మర పోద్ది."

నాకు ఆ నిగ్రహం లేదు, రాలేదు. ఆయన రిటైరయ్యేటప్పుడు ఆ మెమో ఫైలులోంచి తీసేయమని అర్జీ రాసుకున్నారు. జీవితంలో ఆయన పెట్టుకున్న ఒకే ఒక్క అర్జీ. "పాత విషయం, ఇప్పుడెందుకు" అని తిప్పి పంపారు. మనిషి పోయినా మచ్చ ఫైల్లో ఉంది. దాన్ని తీసేయమని ఈ వారం నా పేరుతో అర్జీ ఇచ్చాను. అప్పుడు టైపు చేసిన చేతులతోనే రాశాను. ఏం చేస్తారో చేయనీ. తీసేదాకా ఇస్తూనే ఉంటాను.

ఆయన్ని ఆఖరుసారి చూసింది పోయిన వానాకాలంలో. క్వార్టర్ ఖాళీ చేశాక మునీర్కాలో మూడో అంతస్తులో అద్దెకుండేవారు. నేను వెళ్లేసరికి ఆ ఇరుకు మేడమెట్ల మీద, లుంగీ ఎగగట్టి కూర్చుని, ఇటుక ముక్కతో పాచి గీకుతున్నారు. నన్ను చూసి, "పైకెళ్లు తల్లీ, పిన్ని ఉంది. ఇంకో నాలుగున్నాయి" అన్నారు. నేను గోడకు ఒదిగి నిలబడ్డాను. కింది నుంచి ఒకావిడ రెండు చేతులా నీళ్ల బకెట్లతో వచ్చింది. ఆయన మోకాళ్లు దగ్గరకు తీసుకుని దారి ఇచ్చారు. ఆవిడ ఆయన్ని చూడలేదు, మెట్లనూ చూడలేదు. ఒట్టి కాళ్లతో, ఒక్క చుక్క తొణక్కుండా, గబగబా ఎక్కి వెళ్లిపోయింది.