మేక కోసం వేసిన కూత

రాడోయ్ కెరెజోవ్ ఇరవై ఏళ్ళు ప్లోవ్‌దివ్ యార్డు నుంచి గూడ్సు బళ్ళు నడిపాడు. గూడ్సు బండికి ఎవరు చెయ్యి ఊపుతారు? గేటు దగ్గర ఆగిపోయినవాళ్ళు ఈ పీడ ఎప్పుడు వదులుతుందిరా అని విసుక్కుంటారు, అంతే. భార్య నెవెనాకి కొండమీది బడిలో ఉద్యోగం రావడంతో తనూ బదిలీ అడుక్కుని, రొడోపి కొండల్లో తిరిగే చిన్న ప్యాసింజరు బండికి వచ్చాడు. మొదటి ఉదయమే యెలిన్ దోల్ మలుపులో, గట్టు మీద ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ రెండు చేతులూ ఎత్తి తెగ ఊపుతున్నారు. రాడోయ్ వాళ్ళు ఎవరికి ఊపుతున్నారా అని వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల ఇనప గోడ తప్ప ఏముంది!

తరవాతి స్టేషన్లో, టికెట్లు చూసే స్టాంకాతో ఆ మాట అంటే ఆవిడ పడీపడీ నవ్వింది.

"నీకే అన్నా ఊపేది! వాసిల్కా ముసలమ్మ మనవరాలు రాలిత్సా, ఆ పిల్లాడు కలోయన్, వాళ్ళ చిన్నాన్న కొడుకు. వాళ్ళకి రైలు పిచ్చి. ఫోన్ల నిండా మన బండి బొమ్మలే. నువ్వు బిగుసుకుని పోయావని ఈపాటికి ఊరంతా చెప్పేసుంటారు."

మర్నాడు రాడోయ్ రెండు పొట్టి కూతలూ ఒక పొడుగు కూతా వేశాడు. గట్టు మీద పిల్లలు గెంతిన గెంతుకి కలోయన్ టోపీ ఎగిరి వాగులో పడింది. ఆ పూటంతా రాడోయ్ తనలో తనే నవ్వుకుంటూ బండి నడిపాడు.

అలా ఏడాది గడిచింది. సెలవు రోజుల్లో పిల్లలు స్టేషన్‌కి వచ్చి, నాయనమ్మ జున్ను పెట్టి కాల్చిన బానిత్స రొట్టె వేడివేడిగా కాగితంలో చుట్టి కిటికీలోంచి అందించేవారు. అతను రంగు వెలిసిన పాత పచ్చజెండా ఒకటి కలోయన్‌కి ఇచ్చాడు. నెవెనా మాత్రం దెప్పేది: "నా పుట్టినరోజు మర్చిపోతావు గానీ, ఆ పిల్లలకి పరీక్షలెప్పుడో నీకు తెలుసు!"

వసంతంలో ఆ మలుపు దగ్గరే టోంచెవ్ అనే ఆయన ఇల్లు కొని, పైగదులు అతిథులకి అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. నెల తిరక్కుండానే డిపో నుంచి రాడోయ్‌కి కబురొచ్చింది. పొద్దున్నే అనవసరంగా కూతలు వేస్తున్నాడని ఆ కొత్త ఇంటాయన ఫిర్యాదట. ఇకమీదట నియమం చెప్పిన చోటే కూత వెయ్యాలి.

రాడోయ్ మాట దాటే మనిషి కాడు. మర్నాడు పిల్లలు ఊపుతుంటే అద్దం వెనక నుంచి చెయ్యెత్తి ఊరుకున్నాడు. పొద్దుటి ఎండ అద్దం మీద పడి లోపలున్న చెయ్యి వాళ్ళకి కనపడలేదు. ఊపుతున్న చేతులు మెల్లగా దిగిపోవడం మాత్రం అతనికి కనపడింది. వారమంతా అదే వరస.

ఆదివారం రాలిత్సా స్టేషన్‌కొచ్చింది. చేతిలో బానిత్స లేదు.

"బాబాయ్, మా మీద కోపమొచ్చిందా?"

"కోపమేంటే పిచ్చిపిల్లా! పైనుంచి ఆర్డరు." జరిగింది చెప్పాడు.

"మరి ఎప్పుడెప్పుడు కూత వెయ్యొచ్చు?"

"గేటు దగ్గర, సొరంగం ముందు. పట్టాల పక్కన మనుషులో పశువులో ఉంటే." నోటికొచ్చింది చెప్పి బండి కదిపాడు. ఆ పిల్ల కళ్ళు మెరవడం అతను గమనించలేదు.

రెండ్రోజుల తరవాత మలుపు తిరిగేసరికి, పట్టాలకి కాస్త ఎడంగా వాసిల్కా ముసలమ్మ తెల్లమేక మేకుకి కట్టేసి ఉంది, గడ్డి మేస్తోంది. గట్టు మీద పిల్లలిద్దరూ ఏమీ ఎరగనట్టు ఆకాశంలోకి చూస్తున్నారు. రాడోయ్ ఓ క్షణం తటపటాయించాడు. నియమం నియమమే కదా! రెండు పొట్టి, ఒక పొడుగు. మేక తలెత్తి కూడా చూడలేదు.

పది రోజులకి డిపో అధికారి బోనెవ్ గారే స్వయంగా వచ్చి ఇంజన్ ఎక్కాడు. మలుపు వచ్చింది. మేకా ఉంది.

"మేకయ్యా! కూత వెయ్యవేం?" బోనెవ్ కేకేశాడు.

రాడోయ్ వేశాడు. గట్టు మీద చప్పట్లు. బోనెవ్ అటు చూశాడు, మేకని చూశాడు, రాడోయ్ ఎర్రబడ్డ చెవుల్ని చూశాడు. స్టేషన్ వచ్చింది. దిగబోతూ అన్నాడు:

"రేపట్నుంచి ఆ మేకకి సెలవిప్పించు. లేకపోతే నీకిస్తా. తాడు తెగిందంటే మేకా పోతుంది, దాని వెనక పిల్లలూ పరిగెడతారు. పోయి ఆ ఇంటాయనతో మాట్లాడు. ఇది కాగితాలతో తెగేది కాదు."

తాడు తెగడమన్న మాట రాడోయ్ గుండెలో ముల్లులా దిగింది. ఆ ఊహే తనకి రాలేదు. సెలవు రోజున టోంచెవ్ ఇంటికి బయల్దేరాడు. తనూ వస్తానని రాలిత్సా వెంటపడింది.

టోంచెవ్ గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "కూతల డ్రైవరువి నువ్వేనా? రా, చూద్దువుగాని."

లోపల కిటికీ పక్క మంచం మీద అతని తల్లి సిర్మా దిండ్లకి ఆనుకుని ఉంది. నడుం విరిగినప్పటినుంచీ రాత్రంతా నొప్పితో మూలుగుతుందనీ, తెల్లవారాకే కాస్త కునుకు పడుతుందనీ టోంచెవ్ గొంతు తగ్గించి చెప్పాడు. "సరిగ్గా అప్పుడే నీ బండి వస్తుంది. ఆవిడ ఉలిక్కిపడి లేస్తుంది. ఈ సంగతి ఊరంతా చాటుకోవడం నాకిష్టం లేదు."

రాడోయ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రాలిత్సా మంచం దగ్గరికెళ్ళి, "మేమే మామ్మా. మేకని కట్టింది కూడా మేమే. మాకు తెలీదు," అంది ఏడుపు గొంతుతో.

"ఏ మేక?" అంది సిర్మా.

పిల్ల కథంతా చెప్పింది. ముసలావిడ నవ్వడం మొదలుపెట్టి, నడుం పట్టేసి "అబ్బా" అని, మళ్ళీ నవ్వింది.

"పొద్దున నన్ను పడుకోనివ్వు నాయనా," అంది రాడోయ్‌తో. "సాయంత్రం బండికి మాత్రం వెయ్యి. ఆ వేళ మావాడి సణుగుడు వినడం తప్ప నాకు పనేముంది? దానికంటే నీ కూతే నయం."

"అమ్మా!" అన్నాడు టోంచెవ్.

"నువ్వాగరా. పోయి వాళ్ళకి తాగడానికేమన్నా పట్రా."

ఆ తరవాత బోనెవ్‌ని అడిగితే ఆయన కాసేపు ముక్కు గోక్కుని, సాయంత్రం పూట సరేనన్నట్టు, అక్కడివాళ్ళ అలవాటు చొప్పున తల అడ్డంగా ఊపాడు. పొద్దుటి బండికి పిల్లలు ఇప్పుడు సొరంగం దగ్గరి పైమెట్ట దాకా నడిచెళ్తారు. బడికి ముందు అంత ఎత్తు ఎక్కాలంటే ఆయాసమే, అయినా కలోయన్ ఒక్కరోజూ మానలేదు. అక్కడ సొరంగం ముందు ఎలాగూ వెయ్యాల్సిన కూత లోయలోకి జారిపోతుంది, ఎవరి నిద్రా చెడదు.

సాయంత్రాలు ఇంకో రకం. ఎండలు ముదిరేసరికి సిర్మా కర్ర పట్టుకుని వసారాలోకి వచ్చి కూర్చోగలుగుతోంది. పిల్లలు ఆవిడకి అటో పక్కా ఇటో పక్కా చేరి ఫోన్లో రైళ్ళు చూపిస్తారు. అన్నీ ఒకేలా ఉన్నాయి కదర్రా అని ఆవిడ వాళ్ళని ఏడిపిస్తుంది. టోంచెవ్ ఏదో గొణుక్కుంటూనే అందరికీ చల్లటి మజ్జిగ తెస్తాడు.

జూన్‌లో ఒకరోజు, పొద్దు వాలే వేళ రాడోయ్ మలుపు తిరిగాడు. రెండు పొట్టి, ఒక పొడుగు. వసారాలో పిల్లల చేతులు లేచాయి. సిర్మా తుండుగుడ్డ ఊపింది. టోంచెవ్‌కి రెండు చేతుల్లోనూ పళ్ళెం ఉంది. ఏం చెయ్యాలో తోచక, గ్లాసులతో సహా పళ్ళేన్నే కాస్త పైకెత్తాడు.